పన్నెండు మిల్లీమీటర్లు

నమీబియాలోని ఒట్జివరోంగోలో తూటాల దుకాణం. కొట్టతను కొత్తగా వచ్చిన పెట్టె విప్పాడు. ముసలి రైతు ఒక తూటా తీసి వెలుగులో తిప్పి చూశాడు. వెనక ముగ్గురు తమ వంతు కోసం నిలబడ్డారు.

“ఇదేంటబ్బాయ్, ఇంత పొడుగుంది? నా తుపాకీలో దూరదే!”

“లావు తొమ్మిది పాయింట్ మూడే కదా మామా?”

“లావు సరే, పొడుగో? నాది అరవై రెండు మిల్లీమీటర్లది. ఇది డెబ్బై నాలుగు!”

“ఇంకా ఆ పాతదేనా? మూడు వందల డెబ్బై అయిదు రకం తూటా పట్టుకెళ్ళు. అల్మరా నిండా ఉంది. తుపాకీ నేనిస్తా.”

“అది జింక కంటే ముందు నన్ను పడగొడుతుంది. భుజానికి మొన్నేగా ఆపరేషనైంది! నా అరవై రెండు నన్ను మెల్లగా తంతుంది, ఈలండ్ జింకని గట్టిగా తంతుంది. మాంసమూ పాడవదు.”

“అవి రావాలంటే మళ్ళీ ఎనిమిది నెలలు.”

“శనివారమే మా రేనెట్ పెళ్ళి! మనవరాలి పెళ్ళికి నా చేత్తో కొట్టిన ఈలండ్ పెడతానని మగపెళ్ళివాళ్ళ ముందు మీసం తిప్పానయ్యా. ఇంట్లో ఒక్క తూటా లేదు. అసలు డెబ్బై నాలుగు తెమ్మని నీకెవడు చెప్పాడు?”

“నువ్వే. ఇదిగో నువ్వు నింపిన కాగితం.”

“కళ్ళజోడు తేలేదు. నువ్వే చదువు.”

“తూటా పొడుగు, డెబ్బై నాలుగు. కొనేవారి వయసు, అరవై రెండు.”

“అదేంటి, నాకు డెబ్బై నాలుగు కదా?”

“ఒక గడిలోది ఇంకో గడిలో రాశావు మామా. నువ్వు పన్నెండేళ్ళు తగ్గావు, తూటా పన్నెండు మిల్లీమీటర్లు పెరిగింది.”

వెనకనున్న ముగ్గురూ పగలబడి నవ్వారు.

“నవ్వండర్రా, నవ్వండి. శనివారం మీరూ వస్తారుగా, గొర్రె మాంసం తిందురుగాని. ఈలండ్ ఏదని మగపెళ్ళివాళ్ళు అడిగితే, పెళ్ళికూతురి తాతకి వయసు తగ్గిందని మీరే చెప్పండి. నాకు నోరు రాదు.”