ఎర్ర రిబ్బను పెట్టె

తైవాన్‌లోని తైనాన్‌లో ఒక ఆసుపత్రి. డ్యూటీ మారే వేళ సామాన్ల గదిలో ఇద్దరు నర్సులు: ఇవాళ్టితో ఉద్యోగం మానేస్తున్న యూవెన్, ఆమె స్థానంలోకి వచ్చిన జియాచి.

“...మేజోళ్ళు మాత్రం బిగుతువే వేసుకో. లేకపోతే నాలుగేళ్ళకే పిక్కల మీద నరాలు తేలతాయి.”

“సరే అక్కా. మీకొక మాట—”

“ముందు నేను చెప్పేది విను. మందు ఇచ్చేముందు ‘మీరు లిన్ గారేనా’ అని అడక్కు. మగతలో ఉన్నవాళ్ళు దేనికైనా ఊఁ అంటారు. పేరు వాళ్ళ నోటితోనే చెప్పించు.”

“చెప్పిస్తాను. అది కాదక్కా, పెద్ద సిస్టర్—”

“ఆవిడ ఊసెత్తకు. ఇదిగో, ఈ పెట్టె ఆవిడ బల్లమీద పెట్టేసిరా. నా వీడ్కోలు కానుక అని చెప్పు.”

“ఏముంది ఇందులో?”

“అనాస కేకులు.”

“వార్డులోకా?”

“వార్డులోకే.”

“మన తైవాన్ భాషలో అనాస పేరు ‘వచ్చిపడు’ అన్నట్టు వినిపిస్తుందని, అది తింటే రోగులు వచ్చిపడతారని, నేను చేరిన రోజున నా డబ్బాలో అనాస ముక్కలు మీరే కదా పారేయించారు?”

“పారేయించాను. ఇవాళ వచ్చిపడాలి. మంచాలు చాలక వరండాలో పడుకోబెట్టాలి. సాయంత్రం ఆవిడ కూతురి నిశ్చితార్థం విందు. ఎలా వెళ్తుందో చూస్తాను.”

“అంత కోపమా అక్కా?”

“మా అమ్మమ్మ పోతోందని ఫోనొచ్చినప్పుడు ఏమందో తెలుసా? ‘ముసలామె రేపటిదాకా ఉంటుందిలే, ముందు డ్యూటీ చూడు’ అంది. నేను వెళ్ళేసరికి శవపేటిక మూత వేసేశారు. నన్ను పెంచిన చేతులు ఆమెవి. ఒక్కసారి పట్టుకోనైనా లేదు.”

“అయ్యో.”

“ఏడవకు. ముక్కు ఎర్రబడితే రోగులు తమకేదో అయిందనుకుంటారు. ఇదీ గుర్తుపెట్టుకో.”

“మీరు ఏడుస్తున్నారక్కా.”

“నాకేం, నేను వెళ్ళిపోతున్నాగా. రేపటినుంచి కావోసియుంగ్‌లో కొత్త వార్డు, కొత్త మనుషులు. మొదటిరోజు మంచిదనిపించుకుంటే చాలు, తర్వాత వాళ్ళే చూసుకుంటారు. అక్కడైనా కాస్త మనశ్శాంతిగా బతుకుతాను.”

“అక్కడి సంగతే అక్కా, ఇందాకట్నుంచి—”

“ఏంటే నీ నసుగుడు? ఆఖరిది చెప్తున్నా, మిగతావన్నీ మరిచిపోయినా ఇది మరవకు. తప్పు జరిగితే అప్పుడే చెప్పెయ్. దాచావా, ఎవరో ఒకరి ప్రాణం మీదికొస్తుంది.”

“అయితే చెప్పేస్తున్నా. పొద్దున పెద్ద సిస్టర్ నా చేత ఒక పెట్టె కొరియర్‌లో వేయించారు. కావోసియుంగ్‌కి. మీ కొత్త వార్డుకి.”

“ఏం పెట్టె?”

“ఇవే కేకులు. ఇదే దుకాణం, ఇదే ఎర్ర రిబ్బను. దీనికి మూడింతలుంటుంది.”

“నా కొత్త వార్డుకి ఆవిడ పంపడమేంటి?”

“ఆవిడ పంపినట్టు కాదక్కా. మీ పేరు మీద.”