ముందు గొలుసు

మత్మాటా దాటాక తమెజ్రెత్ ఊరికి ఎక్కే కొండదారి. మిట్టమధ్యాహ్నం. ఇద్దరు కలిసి తొక్కే పొడుగాటి సైకిలు రోడ్డు పక్కన వాలి ఉంది. దాని ముందు సీటు నౌఫల్‌ది, వెనక సీటు అతని భార్య రౌధాది.

"నువ్వు ఒక్కసారిగా తొక్కేశావు. అందుకే గొలుసు తెగింది."

"మెల్లగా తొక్కితే తొక్కడం లేదంటావు. గట్టిగా తొక్కితే తెంపేశానంటావు. ఏదో ఒకటి తేల్చు నౌఫల్."

"ఎత్తులో అలా కుదిపేస్తారా ఎవరైనా?"

"నువ్వే కదా అరిచావు, 'తొక్కు రౌధా, తొక్కు' అని! నిన్న మత్మాటా ఎత్తు పొడుగునా అదే అరుపు. గొర్రెలు కూడా మేత మానేసి చూశాయి."

"హుషారు చేశాను. అదీ తప్పేనా?"

"సరే, పనిముట్ల సంచీ ఇటివ్వు."

"అదీ..."

"ఏది?"

"గాబెస్‌లో, హోటల్లోనే వదిలేశాను. బరువని."

"గొలుసు అతికే లంకె అందులోనే ఉందిగా!"

"బయల్దేరిన దగ్గర్నుంచీ ఒక్కసారైనా పనికొచ్చిందా అది?"

"నీ కెమెరా స్టాండు మాత్రం బరువు కాలేదు."

"అది వేరు. జనం ఎదురుచూస్తారు. రోజూ వీడియో పెట్టకపోతే..."

"చూశాను. నిన్నటిది చూశాను. 'ట్యూనిస్ నుంచి దూజ్ దాకా నా భార్యను మోసుకెళ్తున్నాను' అని రాశావు. కింద మీ బావ, 'సింహంరా నువ్వు' అన్నాడు."

"సరదాకి రాశాను రౌధా."

"మా అమ్మా చూసింది. ఫోన్ చేసి, అల్లుడు అంత కష్టపడుతుంటే నీకింకా కోర్టేమిటే అని ఏడ్చింది."

"మరి? ఆవిడన్న దాంట్లో తప్పేముంది? మంగళవారం జడ్జిగారి ముందు..."

"మంగళవారం మాట ఇప్పుడొద్దు."

"ఎందుకొద్దు? విడాకుల అర్జీ వెనక్కి తీసుకుంటావనే కదా ఇంత దూరం వచ్చింది! మూడోసారి పిలిచారు, ఇదే ఆఖరు. మొదటిసారి ఆయన ఏమడిగాడో గుర్తుందా? కొడతాడా అంటే లేదన్నావు. తాగుతాడా అంటే లేదన్నావు. ఇంటిఖర్చుకి ఇవ్వడా అంటే ఇస్తాడన్నావు. మరేమిటమ్మా నీ బాధ అంటే నోరు మెదపలేదు."

"ఊఁ."

"రెండోసారీ అంతే. చెప్పడానికేమీ లేక."

"చెప్పడం చేతకాక."

"రెండూ ఒకటే."

"నీకు ఒకటే."

"ఇన్నేళ్ల కాపురం రౌధా! కలిసి ఇల్లు కట్టాం, పిల్లల్ని పెంచాం. మా అమ్మ మంచాన పడితే ఆఖరి ఊపిరి దాకా చేశాం..."

"చేశామా?"

"చేయలేదూ?"

"ఆవిడ దుప్పట్లు ఏ రంగువో చెప్పు చూద్దాం."

"ఇదిగో, ఇలాగే మొదలెడతావు. ఉండు, ఏదో బండి వస్తోంది. బాబాయ్! ఓ బాబాయ్! కాస్త ఆపు!"

"సలాం బాబూ. ఏమిటిది, నిచ్చెనకి చక్రాలు కట్టుకొచ్చారా?"

"ఇద్దరం తొక్కే సైకిలు బాబాయ్. గొలుసు తెగింది. తమెజ్రెత్ దాకా ఎక్కించుకుంటావా?"

"వెనకంతా మేకలే. నా పక్కన ఒక్కరికైతే చోటుంది. ఇంత పొడుగుదాన్ని ఎక్కడ పెట్టను? అవునూ, దీనికి రెండు గొలుసులున్నాయే!"

"అవును బాబాయ్. ఈయన పెడళ్లకీ నా పెడళ్లకీ మధ్య ఒకటి. నా పెడళ్ల నుంచి వెనక చక్రానికి ఇంకొకటి. తెగింది ముందుది."

"అయితే నీది బాగానే ఉందిగా బిడ్డా."

"నాది బాగానే ఉంది."

"మరి ఇద్దరి కాళ్లూ కలిసే తిరుగుతాయా?"

"కలిసే తిరిగేవి. ఒకరు తొక్కకపోయినా తిరుగుతాయి."

"అదేం ఏర్పాటమ్మా! మేం ఒంటెనీ గాడిదనీ ఒక కాడికి కడితే, లాగనిదేదో కాడి వంకరే చెప్పేస్తుంది. ఇందులో దొంగని పట్టేదెలా?"

"పట్టలేం బాబాయ్. చూసేవాళ్లకి ఇద్దరూ తొక్కుతున్నట్టే ఉంటుంది."

"బాబాయ్, కబుర్లకేం గాని, ఈవిణ్ణి నీ పక్కన కూర్చోబెట్టుకో. నేను సైకిలు నడిపించుకుంటూ వస్తాను."

"అక్కర్లేదు. నువ్వు ముందెక్కి హ్యాండిలు పట్టుకో నౌఫల్. నేను తొక్కుతాను."

"నువ్వా? నన్నూ, ఈ సామానునీ, ఈ ఎత్తులో? నిన్నటి ఎత్తూ ఇదీ ఒకటేనే! నిన్న ఇద్దరం తొక్కితేనే ప్రాణాలు కళ్లలోకొచ్చాయి. నా తొడలు చూడు, ఇంకా పట్టేసే ఉన్నాయి."

"అందుకే, ఇవాళ వాటికి సెలవు."

"రెండు మలుపులు తిరిగేలోపు కూలబడతావు."

"కూలబడితే బాబాయ్ ఏరుకుంటాడు. ఆ బసీసా పిండిముద్ద ఇటివ్వు, తిని ఎక్కుతాను."

"సగం నాకు ఉంచు."

"నువ్వు తొక్కడం లేదుగా."

"విన్నావా బాబాయ్? ఇదీ వరస!"

"నన్ను కలపకు బాబూ. మా ఇంట్లో దానికే జవాబు లేదు నా దగ్గర. పదండి, నేను వెనకాలే మెల్లగా వస్తాను."

సైకిలు ముందు, మేకల బండి వెనక.

"కదిలింది! రౌధా, కదిలిందే!"

"దారి చూడు."

"నా కాళ్లు ఇలా ఊరికే పెట్టుకు కూర్చుంటే ఎంత సిగ్గుగా ఉందో తెలుసా?"

"ఊఁ."

"వీడియో తీస్తే బాగుండేది. వద్దులే. మలుపు... మలుపు తిరిగాం. ఆపనా?"

"వద్దు."

"బిడ్డా, అలసిపోతే చెప్పు! మేకల్ని కాస్త జరిపి..."

"లేదు బాబాయ్! నువ్వు రా!"

"రెండో మలుపు కూడా అయిపోయింది. మొండిదానివి. నిజంగా మొండిదానివి. రౌధా? ముక్కు ఎగబీలుస్తున్నావేం? ఏడుస్తున్నావా?"

"లేదు."

"వెనక ఏం జరుగుతోందో నాకు కనబడదు కదా. ఏడుస్తున్నావు. నేను దిగి నడుస్తాను, ఆపేస్తున్నా."

"ఆపకు. జడ్జిగారికి ఏం చెప్పాలో ఇప్పుడే దొరికింది."

"ఏం దొరికింది? ఒక్క పూట నన్ను మోసినందుకు, మీ ఆయన బరువని చెబుతావా?"

"కాదు నౌఫల్. నిన్నటికన్నా బరువేమీ పెరగలేదని."