బస్సు మెట్టు దగ్గర

పటాలం నుంచి వచ్చి బడి బస్సు నడుపుతున్న మనిషి, బూట్లు విప్పుకుంటూ మీసాల చాటున నవ్వుకుంటున్నాడు.

“ఉద్యోగం ఉన్నట్టా, ఊడినట్టా?” అంది భార్య.

“ఉంది.”

“నిన్న జవాన్ల మీద అరిచినట్టు ‘వరసలో నిలబడు’ అని అరిచి ఓ పసిదాన్ని ఏడిపించారుగా. ఇవాళ బస్సెక్కిందా?”

“వెంటనే ఎక్కలేదు. మెట్టుకు అడ్డంగా నిలబడింది.”

“అయ్యో, ఎందుకు?”

“పెద్దపిల్లలు తోసుకుంటుంటే చేతులు చాపి ఆపేసింది. ‘మామయ్య చెప్పేదాకా ఎవరూ ఎక్కొద్దు’ అంది.” ‘మామయ్య’ అన్న మాటను అతను కాస్త సాగదీశాడు. “అందరూ వరసకట్టారు. నేనింకా నోరు తెరవనేలేదు.”

“పటాలం వదిలాక ‘నా మాట వినేవాడే లేడు’ అని కుమిలిపోయారుగా?”

“అది నిన్నటి మాట. రేపు ఇంకాస్త పెందలాడే లేపు. నాకంటే ముందొచ్చి ఆ పిల్ల నిలబడితే నా పరువేం కాను?”