కాళ్లవాపు, ఎద్దుతోక సూపు

ఆ అలమర తలుపు వెయ్యమ్మా కీలీ! టీ పొడి పై అరలో ఉందని చెప్పానా లేదా? కింది అర నిన్నెవరు తియ్యమన్నారు? నర్సువి, కాళ్లకి కట్టు మార్చడానికొచ్చావు. కట్టు సంగతి చూసుకోక నా సూపు డబ్బాలతో నీకేం పని?

సర్లే, చూసేశావుగా. చూడు. ముందున్నది ఎద్దుతోక సూపు. దాని వెనక టమాటా. ఫ్రిజ్‌లో ఇంకా ఉన్నాయి, మైక్రోవేవ్‌లో వేడి చేసుకునే పెట్టె భోజనాలు, కీమా మీద బంగాళాదుంప ముద్ద పరిచినవి. అన్నిటికీ లేబుల్ మీద ఉప్పు దగ్గర ఎర్ర రంగే, అంటే ఉప్పు ఎక్కువని. నువ్వు చదివి వినిపించక్కర్లేదు, నాకు తెలుసు.

ఏంటా చూపు? కళ్లద్దాలు మర్చిపోయి కొన్నాననుకున్నావా? అబ్బే, శుభ్రంగా తుడుచుకుని మరీ పెట్టుకున్నా! కొట్లో అందరూ పచ్చ రంగు కోసం వెతుక్కుంటుంటే నేనొక్కణ్ణే ఎర్రది ఎక్కడుందా అని వెతికాను. పక్కనున్నావిడ పాపం, "అది కాదు తాతగారూ, ఉప్పు తక్కువది ఇదిగో" అంటూ చేతిలో పెట్టింది కూడా. థాంక్స్ చెప్పి, ఆవిడ అటు తిరగ్గానే మళ్లీ అరలో పెట్టేశా.

రుచికోసమా? నీ మీద ఒట్టు, రుచికోసం కాదు! తిన్నాక నోరు పిడచకట్టుకుపోతుంది. మా ఆవిడ ఈనిడ్ బతికుంటే ఇలాంటివి గడప తొక్కనిచ్చేది కాదు.

ఏదీ, నా కాలి మీద వేలితో నొక్కి చూడు. గుంట పడిందా? లేచిందా మళ్లీ? లేవలేదు కదూ. పిండిముద్దలా అలాగే ఉండిపోయింది.

కోప్పడకు. పోయిన నెల ఇదే కుర్చీలో కూచోబెట్టి నా కాలు పట్టుకుని ఏమన్నావు? "శభాష్ విల్ఫ్ గారూ! వాపు పూర్తిగా తగ్గిపోయింది. ఇలాగే ఉంటే ఇంక నాతో పనే ఉండదు మీకు!" అన్నావు. ఎంత సంబరంగా అన్నావో! నేనూ నవ్వాను. నవ్వక ఏం చెయ్యను? నువ్వటు వెళ్లావో లేదో, కోటు తగిలించుకుని కొట్టుకి బయల్దేరాను.

అవునమ్మా. కావాలనే.

ఉప్పు తింటే కాళ్లకి నీరు పడుతుందని, గుండెకి మంచిది కాదని నువ్వు చెప్పింది గుర్తుంది. ఒక్క ముక్క మర్చిపోలేదు. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషివి నువ్వొక్కదానివే, మర్చిపోతానా? గ్రిమ్స్‌బీ రేవులో చేపల పని చేసినన్నాళ్లూ పొద్దస్తమానం ఎవరో ఒకరు నన్ను పేరు పెట్టి కేకేస్తూనే ఉండేవాళ్లు. ఇప్పుడు కొట్లో డబ్బు పుచ్చుకునేది కూడా మనిషి కాదు, మిషను. నువ్వొచ్చే రోజు పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటాను. మిగతా రోజుల్లో ఎవరి కోసం గీసుకోవాలి?

ఏంటీ, ముసలివాళ్ల క్లబ్బా? వెళ్లొచ్చాను. అందరూ జంటలు జంటలుగా కూచున్నారు. గోడవారగా ఓ కప్పు టీ తాగి వచ్చేశాను. అక్కడెవరూ నా కాలు పట్టుకుని "నొప్పిగా ఉందా?" అని అడగలేదు. ఇంకో మనిషి చెయ్యి నా ఒంటి మీద పడేది నువ్వొచ్చిన రోజే తల్లీ. సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి, కానీ అదీ సంగతి.

డాక్టరుకి చెబుతావా? చెప్పు. డబ్బాలన్నీ పట్టుకుపోతావా? పట్టుకుపో. కట్టు మాత్రం కట్టేసి వెళ్లు.

నయం చెయ్యడానికి వస్తావు. నయమైతే రావు. మరి నేను దేవుణ్ణి ఏమని కోరుకోను, చెప్పు?