వీరరాఘవయ్య గారి ఇత్తడి పళ్ళెం

పామర్రు సెంటర్లో ఊరికి పేరు తెచ్చిన మనిషి విగ్రహం ఒకటి నిలబెట్టాలని పెద్దలు అనుకున్నారు. చోటు ముందే చూసుకున్నారు. అది దానమ్మ టీ బండి ఉన్న చోటు. విగ్రహం వస్తే బండి కాలవ గట్టుకి పోవాలి, అక్కడ టీ తాగే నాథుడుండడు. తగిన మనిషి దొరికితేనే విగ్రహం, లేకపోతే అసలు వద్దని పెద్దాయన జయకృష్ణ గారి పట్టు. ఆ సంగతి ఇవాళ తేలిపోవాలి.

అందుకే తన తాత గొప్ప చెప్పుకోవాలని బసవయ్య పొద్దున్నే తెల్లపంచె కట్టుకుని బల్ల మీద ఆయన పక్కనే కూర్చున్నాడు. దానమ్మ అతని చేతికి నిండు గ్లాసు అందించింది. తాగేవాళ్ళ మాటల్లో తలదూర్చకూడదని ఆమె నియమం. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

"మా తాత వీరరాఘవయ్య గారు మామూలు రైతండి. ఓసారి కూచిపూడికి ఆట చూడ్డానికెళ్ళాడు. ఆడే ఆయనకి కాలు బెణికింది. కాసేపు నేను నిలబడతానండీ అని మా తాత ఇత్తడి పళ్ళెం అంచు మీదకెక్కాడు, తలమీద నీళ్ళ చెంబుతో. అంతే."

"అంతేనా?" అన్నాడు సైకిల్ షాపు కరిముల్లా.

"అంతే అయితే చెబుతానా? పళ్ళెం కదిలింది. ఆగదే! కూచిపూడి దాటింది, మన పామర్రు దాటింది, కాలవ గట్టెక్కి బెజవాడ దారి పట్టింది. దారిలో ఓ కొంగ చెంబు అంచు మీద వాలి, చేప కోసం నీళ్ళలోకి చూస్తూ చూస్తూ నిద్రపోయింది. అంత నిదానం ఆ నడక. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

జయకృష్ణ గారు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నారు.

బెజవాడలో భవానీపురం దగ్గర కృష్ణ వరద మీదుందట. కట్ట తెగితే డెల్టా మొత్తం మునగాల్సిందే. వీరరాఘవయ్య గారు పళ్ళేన్ని తిన్నగా నీళ్ళ మీదకే నడిపాడట. బసవయ్య కుడిచెయ్యి ఇటు నుంచి అటు చాచి నది వెడల్పు చూపించాడు, గుండ్రంగా తిప్పి సుడులు చూపించాడు.

"ఆయన తాళం వేస్తుంటే అలలు ఆ తాళానికే లేచాయండి. తాళం ఆపాడు. ఎక్కడి అల అక్కడే నిలబడిపోయింది. ఆట చూసి కృష్ణమ్మకి సిగ్గేసి వెనక్కి తిరిగి శ్రీశైలం దాకా నడిచెళ్ళిపోయింది. ఇవాళ మనం తింటున్న అన్నం ఆ పళ్ళెం పెట్టిందే. ఇంతా చేస్తే చెంబులో నీళ్ళు చుక్క ఒలకలేదు. కొంగ లేవలేదు!"

దానమ్మ కళ్ళ ముందు నడినదిలో ఇత్తడి మెరిసింది. బండి మాట మర్చిపోయింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు.

జయకృష్ణ గారు గొంతు సవరించుకున్నారు. "ఇంత గొప్పాయన మన ఊళ్ళో పుట్టి..."

"ఆ నిదానం మా రక్తంలోనే ఉందండీ," అన్నాడు బసవయ్య. "నాకూ వచ్చింది. చేతిలో ఏముంటే అది చుక్క కింద పడదు."

మాడిన పాల వాసనకి దానమ్మ ఉలిక్కిపడింది. గిన్నె దించి తలెత్తేసరికి జయకృష్ణ గారు అవుననబోతున్నారు. ఆమె నియమం ఆ క్షణాన తప్పింది.

"బసవయ్య గారూ, నేను నిండుగా పోశానండి. మీరు ఒక్క గుక్కా తాగలేదు. గ్లాసేమో ఖాళీగా ఉంది."

బసవయ్య గ్లాసులోకి చూసుకున్నాడు. మిగతావాళ్ళు పంచె చూశారు. మోకాళ్ళ నుంచి అంచు దాకా, కృష్ణ వెడల్పున ఒక టీ మరక, సుడులు తిరిగినచోట ఇంకొకటి.

కరిముల్లా నవ్వాపుకోలేక షాపులోకి వెళ్ళిపోయాడు. జయకృష్ణ గారు మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు పెట్టుకుని లేచారు.

"బండి ఇక్కడే ఉండనీ దానమ్మా. ఈయనకి ఇంకో టీ ఇవ్వు," అన్నారు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "సగమే పొయ్యి."