తొమ్మిదో భాగం నా దగ్గరే ఉంది

సభకు పెద్దగా కూర్చున్న ఇంజినీరు గారికి, వేదిక మీది పెద్దలకు, మూడు షిఫ్టుల మిత్రులకు, ముప్పై నాలుగేళ్లు ఈ నీళ్ల పంపుల మోత భరించి ఇవాళ రిటైరై బయటపడుతున్న మా ఫోర్‌మన్ గారికి, ముందు వరసలో కూర్చున్న ఆయన ఇల్లాలు మా చెల్లెమ్మకు, ఆయన ఇద్దరు తమ్ముళ్లకు ఈ స్టోరు కీపరు నమస్కారాలు.

నాకు అయిదు నిమిషాలిచ్చారు. నన్నెరిగినవాళ్లెవరూ నాకు మైకు ఇచ్చి అయిదు నిమిషాలని చెప్పరు. ఇంజినీరు గారు కొత్తగా వచ్చారు, ఆయన తప్పు లేదు. (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లంతా ఫోర్‌మన్ గారి పంపుల గురించి చెప్పారు. మోటారుకు చెవి ఆనించి బేరింగు జబ్బు కనిపెట్టేవారన్నారు. అదంతా నిజమే. నేను మాత్రం ఒక పుస్తకం గురించి చెప్పాలి. మాటలు తడబడతాయని కాగితం మీద రాసుకొచ్చాను.

కొత్తవాళ్లకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను. పన్నెండేళ్ల కిందట, ల్యాబులో నీళ్లు పరీక్షించే అక్కయ్య వాళ్ల అమ్మమ్మ పెట్టెలోంచి ఒక లావుపాటి నవల తెచ్చింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, పేరేమిటో ఎవరికీ తెలియదు. తరతరాలుగా చదివినవాళ్లంతా ఏడ్చిన నవల అని మాత్రం ఆమె చెప్పింది. నలుగురు అన్నదమ్ములు, ఒక పెద్ద ఇల్లు. ఆ ఇల్లు చప్పుడు లేకుండా, ఎవరూ ఏ పెద్ద తప్పూ చెయ్యకుండానే, ఎలా చితికిపోయిందన్నది కథ. ఉన్నది ఒక్క పుస్తకం, చదవాలన్నవాళ్లు పదిమంది. ఒకరు చదువుతుంటే ఇంకొకరు భుజం మీదుగా తొంగిచూడటం, పేజీ తొందరగా తిప్పమని దెబ్బలాట. అప్పుడు ఫోర్‌మన్ గారే రంపపు బ్లేడు తెచ్చి దాన్ని తొమ్మిది భాగాలు చేశారు. పైపుల అతుకుల్లో బిగించే గాస్కెట్ షీటు కత్తిరించి ఒక్కొక్కదానికీ అట్టలు వేశారు. షిఫ్టు మారేటప్పుడు లాగ్‌బుక్కుతోపాటు ఒక భాగం చేతులు మారేది. ముందు కథ చెప్పేసినవాడు వారం రోజులు అందరికీ టీ పోయించాలని నియమం. ఎలక్ట్రీషియను బావ మూడు వారాలు పోయించాడు. (నవ్వులు)

భాగాలు దాచే పని నాకు అప్పగించారు. నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. ఆపైన నా చదువంతా బేరింగులకు చుట్టి వచ్చిన పత్రికల కాగితాల మీదే సాగింది. అందుకని నాకు ఏ కథకూ మొదలు తెలియదు, చివర తెలియదు, నడుము మాత్రం బాగా తెలుసు. మొట్టమొదట చివరిదాకా చదివిన పుస్తకం ఇదే. సరే, దారి తప్పుతున్నాను.

మేమందరం దాన్ని కథలా చదివాం. ఫోర్‌మన్ గారు మాత్రం వాతావరణ సూచనలా చదివారు. ఆయనా ముగ్గురన్నదమ్ముల్లో పెద్దవారు, ఒకే ఇంట్లో కాపురం. మూడో భాగంలో ఆ నవలలోని ఇంట్లో వేరుపొయ్యి పెడతారు. ఆ వారం చెల్లెమ్మ గేటు దగ్గర కనబడి అడిగింది: “ఏమిటన్నయ్యగారూ, ఆ పుస్తకంలో కొత్తగా ఏం కొంప మునిగింది? ఈయన పొద్దున్నుంచి వంటింట్లోకి రెండుసార్లొచ్చి పొయ్యి చూసి వెళ్లారు. వంట రాదు, వడ్డన రాదు, ఎందుకొచ్చినట్టు?” (నవ్వులు) అయిదో భాగంలో ఒక తమ్ముడు బీరువా తాళం దాస్తే, ఈయన సెలవుపెట్టి ఇంట్లో తాళాలన్నీ సరిచూసుకున్నారు.

ఎనిమిదో భాగం చివర ఆ నవలలో ఒక తమ్ముడు పెట్టె సర్దుకుని వాకిట్లోకొస్తాడు, పెద్దాయన గుమ్మానికి అడ్డంగా నిలబడతాడు. అంతే, భాగం అయిపోయింది. సరిగ్గా అదే వారం, ఇక్కడ, ఫోర్‌మన్ గారి చిన్న తమ్ముడు ఊరికి ఆ చివర పని దొరికిందనీ వేరే ఉంటాననీ అడిగాడు. ఈయన మొహం చూడాలి మీరు. తిరుగుతున్న పంపు దగ్గర చెయ్యి ఎక్కడ పెడుతున్నారో తెలియని స్థితి. తొమ్మిదో భాగం నేను అప్పటికే చదివాను. ఇది గానీ ఈ మనిషి చేతికిస్తే ఏమైపోతాడో అని భయపడ్డాను. ఫిల్టరు కడిగే నీళ్లలో పడి పాడైపోయిందని చెప్పాను.

ఆయన ఊరుకుంటారా? చదివినవాళ్లనల్లా పట్టుకుని అడిగారు. నిజం చెప్పకూడదని మేమంతా ముందే ఒట్టు పెట్టుకున్నాం. ఏ అబద్ధం చెప్పాలో మాత్రం అనుకోలేదు. (నవ్వులు) ఎలక్ట్రీషియను బావ, ఆ అన్నదమ్ములకు ఎవరిదో ఆస్తి కలిసొచ్చిందన్నాడు. అక్కయ్య, అందరూ కలిసి విహారయాత్రకు వెళ్లారంది. గేటు తాతయ్య అసలు పుస్తకమే ముట్టలేదు, అయినా “అందరూ పోయారు బాబూ, ఇల్లు మాత్రం లక్షణంగా ఉంది” అన్నాడు. (నవ్వులు) ఆఖరికి ఫోర్‌మన్ గారు స్టోరుకొచ్చి బోల్టుల డబ్బా మీద కూర్చున్నారు. “వీళ్లంతా కోతలు కోస్తున్నారు. నువ్వు చెప్పు. నీ మాట నమ్ముతాను” అన్నారు.

నేనన్నాను: “పెద్దాయన పైన మేడ కట్టిస్తాడు. అందరూ కలిసే ఉంటారు.”

అందులో మొదటి మాట పుస్తకంలోది. రెండోది నాది.

ఆయన నేరుగా ఇంటికెళ్లి తమ్ముణ్ణి ఆపేశారు. “నేను రిటైరవగానే మేడ కట్టిస్తాను, అంతదాకా ఓర్చుకో” అన్నారు. ఆ తమ్ముడు పదకొండేళ్లుగా, వరండాకు రేకులు కొట్టి చేసిన గదిలో ఇద్దరు పిల్లలతో ఓర్చుకుంటున్నాడు. తమ్ముడూ, నువ్వలా గుమ్మం వైపు చూడకు. నువ్వు నాతో ఎప్పుడూ ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం చూసే నాకు భయమేసింది.

మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. మొదటి ఏడాది భయం. ఆ తరువాతిది భయం కాదు, దురాశ. ఆ పోయిన భాగంలో ఇంకా ఏమేం ఉండి ఉంటుందో మాట్లాడుకోవడానికి ఈయన రోజూ షిఫ్టు దిగాక పావుగంట నా స్టోరులో కూర్చునేవారు. ఆ మేడకు ఎన్ని కిటికీలు, ఏ తమ్ముడికి ఏ గది, అన్నీ ఇద్దరం కలిసి కట్టాం. భాగం చేతికిస్తే చదివేసి తిన్నగా ఇంటికెళ్లిపోతారు. నా దగ్గర కూర్చోవడానికి ఇంకెవరొస్తారు? నా ఒక్కడి పావుగంట కోసం ఇంకో మనిషి ఇంటినంతా అబద్ధం మీద నిలబెట్టాను. ఈ మాట రాయడానికే రెండు రోజులు పట్టింది.

సోమవారం మేడ పని మొదలవుతుందట. ఇటుక దిగింది. నిన్న ఆయన నాకు ప్లాను చూపించారు. ఆ కిటికీలు మేం అనుకున్నవే.

ఫోర్‌మన్ గారూ, ఇదిగో తొమ్మిదో భాగం. తడవలేదు, చిరగలేదు. ఇందులో పెద్దాయన మేడ కడతాడు. తమ్ముళ్లు మొహమాటానికి ఉండిపోతారు. ఉండిపోయి, ఒకే కప్పు కింద ఒకరితో ఒకరు మాటలు మానేస్తారు. చివరికి ఒక్కొక్కరే చెప్పకుండా వెళ్లిపోతారు. ముందే నవ్వుతూ పంపించి ఉంటే పండక్కో పబ్బానికో వచ్చేవాళ్లని ఆయనకు తెలిసేసరికి, పైన అన్నీ ఖాళీ గదులు. మీ ఇల్లు అలాగే అవుతుందని నేననను. పుస్తకం జాతకం కాదు. కానీ నువ్వు... నువ్వు నా అబద్ధం విని ఇటుక దించావు. నిజం కూడా చూసి, అప్పుడు నీ ఇష్టం.

(ఫోర్‌మన్ గారు భాగం అందుకుని తెరిచారు.)

ఇక్కడే వద్దండీ, ఇంటికెళ్లి తీరిగ్గా... వినడం లేదు. చదవడం మొదలెట్టేశారు. ఇంజినీరు గారు క్షమించాలి, తరువాత ఫోర్‌మన్ గారే మాట్లాడాలి, కార్యక్రమంలో అలాగే ఉంది, నేనిప్పుడు ఆపమంటే...

(ముందు వరసలోంచి చెల్లెమ్మ: “చదవనివ్వండి అన్నయ్యగారూ. ఆపకండి.”)

ఆపనమ్మా. పదకొండేళ్లు మాటలు చెప్పి ఆపింది చాలు.

ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. ఆయన మూడో పేజీలో ఉన్నారు. మేడ ఏడో పేజీలో మొదలవుతుంది. తల ఎత్తి నన్ను ఎలా చూస్తారో నాకు తెలియదు. నేను వెళ్లి కూర్చుంటాను. దయచేసి చప్పట్లు కొట్టకండి, ఆయన చదువుకుంటున్నారు.

సెలవు.