దొరువు పక్కన బోరు

సిగ్గులేదా ఏమ్మే సునీతా? అడగకుండా చేలో మన్ను గోతానికి ఎత్తుకుంటాండావే! నీ నాయన చేను అయితే మాత్రం, ఒక మాట చెప్పే పని లేదా? ఎందుకది?

"సముద్రం కాడ మా ఇంటెనక నాలుగు వంగ మొక్కలు పెట్టుకుందామని జేజీ. ఆడంతా ఇసకే. ఈ నల్లమన్ను పరిచి, ఒక బోరు ఏపిచ్చుకుంటే సరిపోతుంది."

బోరా? గోతం కింద పెట్టి కూచో. ఎవురు చెప్పినారు బోరని? బోర్లేసే లారీవోడేనా? వాడు చెప్పకేం చేస్తాడు, నేలకు బొక్క పడితేనే గదా వానికి కూడు. ఆడ మీ పక్కింటోళ్లను అడిగినావా? అడిగుండవు. మన జమ్మలమడుగు పక్క మనిషికి ఎదుటోడు ఏం చెప్పినా దాంట్లో మెలిక ఉండాదనే అనుమానం.

నా తమ్ముడు ఓబులేసు, నీకు తాత వరస, పులివెందుల కాడ చీనీ తోట, మీ ఆడోళ్లు బత్తాయంటారే అది, పెట్టినాడు గదా. వాని పెండ్లాం సుబ్బమ్మ చేసే బొరుగుల ఉండలు నువ్వు చిన్నప్పుడు శానా తింటాంటివి. సరే, అది గాదు చెప్పొచ్చింది. ఆ తోటలో బోర్లన్నీ ఎండిపాయ. ఎండిందంటే ఇంకా లోతుకు పోవల్ల, మనకు తెలిసిన ఇద్దె అదొకటే గదా. పోయి పోయి బండే తగిలినాక తోట అమ్మేసి, నెల్లూరు పక్క సముద్రానికి దగ్గర్లో ఇసక నేల కొన్నాడు. రెండు ముక్కలు. ఒకటి దిబ్బ మింద, దాంట్లో ముందునించే ఒక నీళ్ల గుంత ఉండాది. ఇంకొకటి పల్లంలో.

పల్లంలో ముక్కకు ఆనుకోని రమణమ్మ అని ఒకామె తోట. మొగుడు లేడు. కనకాంబరాలు, వంగ, బెండ, ఆ తోట మిందనే ఇల్లు నడుస్తాంది. ఆడ బావులుండవు. ఇసకలో మనిషి లోతు గుంత తవ్వుకుంటారు, దొరువంటారు దాన్ని. ఆమె దాని మింద తాటాకులు కప్పి, పొద్దున్నే బిందెతో ముంచి మొక్కమొక్కకూ పోస్తాంటాది.

అది చూసి మనోనికి అనుమానం. "అక్కా, మోటరు పెట్టకుండా బిందెలు మోస్తాందంటే ఏదో మర్మముండాది. నీళ్లు ఎవురికీ కనపడకుండా ఆకులు కప్పుతాంది" అని నాకు ఫోన్ చేసినాడు. "ఎండకు నీళ్లు ఇగరకుండా, ఇసక పడకుండా కప్పుంటుంది లేరా" అంటే, "నీకు తెలీదులే, ఈ కోస్తావోళ్లు లోపలొకటి బయటొకటి" అన్నాడు.

బోరు లారీ వచ్చిన పొద్దు ఆమె ఉరుక్కుంటా వచ్చిందంట. "అన్నా, ఈడ వాననీళ్లు పైపైన నిలబడతాయి, కింద ఉప్పునీళ్లు. పైనించి కొంచెం కొంచెం ముంచుకోవాలే గానీ కింద నుంచి లాగితే ఉప్పు పైకొస్తాది. దండం పెడతా" అనింది. వీడు లారీవోని తట్టు చూసి నవ్వినాడు. "చూస్తివా అప్పా, నీళ్లు మనకు దక్కుతాయని ఎంత బాధ!"

పల్లం ముక్కలో, ఆమె దొరువు పక్కనే బోరేసినాడు. మొదుట్లో నీళ్లు తియ్యగా పడినాయి. ఇంగ జూడు వాని మిడిసిపాటు! మన పక్క అలవాటు ప్రకారం ఆటో స్టార్టరు పెట్టినాడు. కరెంటు ఉన్నంతసేపూ మోటరు ఆడాల్సిందే. ఊర్నించి తోలుకున్న నల్లమన్ను ఇసక మింద పరిచి, వంగ నాటి, కట్ట గట్టి మడి నిండా నీళ్లు నిలబెట్టినాడు.

వేసవి నడిమికి వానికి వంగాకు కొనలు మాడినాయి. నల్లమన్ను తెల్లగా పొంగు కట్టి ఇటుక మాదిరి బిగిసిపాయ. అప్పుడన్నా బుద్ధి రావల్ల గదా? రాల్యా. ఆ యమ్మే ఏదో మందు చల్లిందని కొట్లాటకు పోయినాడు.

ఆమె తాటాకు పక్కకు జరిపి, దొరువులో నీళ్లు చెంబుతో ముంచి చేతికిచ్చింది. నోట్లో పోసుకోని ఉమ్మేసినాడు. ఉప్పు కషాయం. ఆమె వెనకాల కనకాంబరాలు నిలువునా ఎండిపోయుండాయి. "నేను బిందెలు మోసింది నీకు దాచిపెట్టడానికా అన్నా?" అనింది, అంతే.

సుబ్బమ్మ ఏడుస్తా ఫోన్ చేస్తే నేనే బస్సెక్కి పోయినా. ఆ నీళ్లు నేనూ నాలిక మింద పెట్టుకున్నా. వీడు, "మోటరు ఆపేసినా గదక్కా, నాలుగు వానలు పడితే సరిపోతుంది" అని గొణిగినాడు. "వానలు పడేదాకా ఆమె ఏం తినల్లరా? దిబ్బ మింద మోటరు తగలని నీ దొరువు ఇంకా తియ్యగానే ఉండాది. ఆ ముక్క ఆమెకు రాసియ్యి. ఇయ్యకుంటే నేను సచ్చినా చూడ్డానికి రావద్దు" అన్నా. తోడబుట్టినోడని నేను ఇడిసిపెట్టలా. తప్పు చేసినోడు మనోడైతే ఇంకొంచెం గట్టిగా పట్టుకోవల్ల.

నువ్వు పోయి మీ పక్కింటామెను అడుగు. ఆమె యాడ ముంచుతాందో, ఎంత లోతు తవ్వినాదో చూడు. ఇసకకు ఎండుటాకు, మేకల పెంట కలుపు, దినామూ కొంచెం కొంచెం పొయ్యి. సల్లగా ఉండు తల్లీ, నీ చెయ్యి పచ్చగా ఉండల్ల.

ఓబులేసా? రాసిచ్చినాడు. దిబ్బ మింద ఇప్పుడు ఆమె కనకాంబరాలు పూస్తాండాయంట. పల్లంలో ముక్క ఉప్పు పేరుకోని గడ్డి గూడా మొలవక పడుండాది, కొనేవోడు లేడు. పుట్టినప్పట్నించీ మన్నులో బతికినోడు, ఈ వయసులో పొద్దుటూరులో ఒక నూనె మిల్లు కాడ సిమెంటు గచ్చు మింద కుర్చీ ఏసుకోని, వచ్చిపోయే లారీలకు గేటు తీస్తాండాడు.